క్విజ్‌లో చందనవెల్లి ఎక్కడ?

మా వైపు బడుల్లో క్విజ్ పెడితే నన్ను ప్రశ్నలు అడగమని పిలుస్తుంటారు. పిల్లలు మంగోలియా రాజధాని టకటకా చెబుతారు. చందనవెల్లి గురించి అడిగితే మాత్రం నోరు మెదపరు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్నలు తయారుచేసే పెద్దలది.

షాబాద్ మండలంలోని ఈ ఊళ్లో అమెజాన్ డేటా సెంటర్ ఉంది. ఆ సంస్థ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, 2022 నవంబరులో మొదలైంది. సర్వర్లు వేడెక్కుతాయి, చల్లబరచాలి. చల్లదనం అనగానే నీళ్లు. నీళ్లంటే మా వైపు గుర్తొచ్చేవి గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు. ఇవి వచ్చింది దాహం తీర్చడానికే కాదు, 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపడానికి కూడా. ఆ వరదలో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. చెట్లంటారా? మొయినాబాద్, చేవెళ్ల దారి పొడవునా వందలాది పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో వాటిని కాపాడాలని జనం కోర్టుకెక్కారు. ఇక గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల రక్షణ కోసమే 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 111 జీవో వచ్చింది.

డేటా సెంటర్ నుంచి చింతచెట్టు దాకా ఒక్క గొలుసు! విడివిడిగా బట్టీ పడితే ఇవి మార్కులు, కలిపి చూస్తే మన చరిత్ర. ఉపాధ్యాయులారా, ఈసారి క్విజ్‌లో మొదటి ప్రశ్న మీ ఊరి మీదే అడగండి. రెండో ప్రశ్నగా ‘ఎందుకు?’ అని అడగండి.