స్త్రీల ఆరోగ్యము: నొప్పి చేతికి కట్టు కట్టవలెనా?

మన తెలుగువారికి చేయి నొప్పి యనగానే కట్టు జ్ఞాపకము వచ్చును. చెట్టుమీదినుండి పడిన పిల్లవానికి, వాకిట జారిపడిన ముసలమ్మకు కట్టు కట్టించుట తరతరముల వాడుక. వెనుకటి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు, ఆకుపసరుతోను కోడిగ్రుడ్డు తెల్లసొనతోను వెదురుబద్దలతోను ఎముకను నిలుపుటవలన దూరదేశములయందును పేరు పొందినది. విరిగిన యెముకకు కదలిక శత్రువు. కదలక నిలిచిననే యది అతుకును. కాని నరము ఎముక కాదు. నెలల తరబడి నరపు నొప్పితో బాధపడు చేతికి కట్టు కొన్నియెడల మందు, కొన్నియెడల కీడు. ఏది యెప్పుడు మేలో గృహిణులు తెలిసికొనుట యవసరము.

ఈ విషయమును ముఖ్యముగా ఉత్తర తెలంగాణ సోదరీమణుల నుద్దేశించి వ్రాయుచున్నాము. 2016లో జిల్లాలు విభజింపబడకముందు కరీంనగరము, ఆదిలాబాదు అని పిలువబడిన ఆ విశాల ప్రదేశములో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మలు మున్నగు చోట్ల ఎందరో స్త్రీలు ఇంటిపట్టుననే కూర్చుండి బీడీలు చుట్టుచున్నారు. ఆదిలాబాదు నల్లరేగడి చేలలో పత్తి యేరువారును ఎందరో కలరు. తునికాకును కత్తెరతో కత్తిరించుట, చేటలోని తంబాకు నించి చుట్టుట, కొన మడిచి దారము కట్టుట, ఇవి యన్నియు వ్రేళ్లతోను మణికట్టుతోను మరల మరల చేయు పనులు. కూలి వేయి బీడీల లెక్కన వచ్చును గనుక చేయి ఆగినచో కూలియు నాగును. బీడీ కార్మికులకొరకు 1966లో పని షరతుల చట్టమును, 1976లో సంక్షేమనిధి చట్టమును వెలువడినవి. అయినను నడిరేయి తిమ్మిరెక్కి లేచి చేయి విదిలించుకొను స్త్రీ ఆ పూట ఏమి చేయవలెనో ఏ చట్టమును చెప్పజాలదు. అది యింటిలోనే తేలవలసిన మాట.

అట్టి యిండ్లలో ఇట్టి సంభాషణ వినవచ్చును:

"అత్తమ్మా, కుడిచెయ్యి తిమ్మిరెక్కి రాత్రి నిద్ర పడ్తలేదు."

"గట్టిగ ఒక బట్ట కట్టుకో బిడ్డా, తక్కువైతది."

అత్తగారి మాటలో ప్రేమ కలదు. కాని ఏ నరము బాధపడుచున్నదో తెలియకుండ కట్టిన కట్టు చీకటిలో విసరిన రాయి వంటిది.

మొదట ఏ వ్రేళ్లు తిమ్మిరెక్కుచున్నవో గమనింపవలెను. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కి, రాత్రివేళ బాధ హెచ్చి, చేయి విదిలించిన కొంత నెమ్మదించినయెడల, నరము మణికట్టువద్ద నొక్కబడుచున్నదని యనుమానింపవచ్చును. అచ్చట ఎముకలకును ఒక గట్టి పట్టీకిని నడుమ సొరంగమువంటి యిరుకు దారి కలదు. వ్రేళ్లను ముడుచు తొమ్మిది నరపుత్రాళ్లవంటి కండర బంధములును, స్పర్శ తెలుపు నరమొకటియు ఆ దారినే పోవును. ఈ వ్యాధిని వైద్యులు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు. గర్భిణులకును, మధుమేహము గలవారికిని, థైరాయిడు మందగించినవారికిని ఇది యెక్కువగా వచ్చును. చిటికెనవ్రేలును దాని ప్రక్క వ్రేలును తిమ్మిరెక్కినచో నొక్కుడు మోచేతివద్ద నుండవచ్చును. మెడ త్రిప్పినప్పుడు భుజమునుండి వ్రేళ్లవరకు మెరుపువలె నొప్పి దిగినచో మూలము మెడలో నుండవచ్చును. మణికట్టునకు కట్టిన కట్టు దానిని బాగుచేయజాలదు.

మణికట్టులో నరము నలుగునప్పుడు మాత్రము రాత్రి కట్టునకు మంచి కారణమే కలదు. 1981లో అమెరికా వైద్యులు ఆ యిరుకు దారిలోని ఒత్తిడిని కొలిచి ప్రకటించిరి. వ్యాధి గలవారిలో మణికట్టు తిన్నగా నున్నప్పుడు అది పాదరసపు లెక్కన సగటున 32 మిల్లీమీటర్లు. లోపలికి మడిచినప్పుడు 94. వెనుకకు వంచినప్పుడు 110. ఆరోగ్యవంతులలో తిన్నగా నున్నప్పుడు రెండున్నర మాత్రమే. మనము నిద్రలో చేతిని గడ్డము క్రిందనో తలక్రిందనో మడిచి పెట్టుకొందుము. ఆ గంటలలో నరము నలుగును. మణికట్టును తిన్నగా నుంచుటయే రాత్రి కట్టు చేయు పని. బిగించుట దాని పని కాదు. అందువలననే గట్టిగా చుట్టిన బట్ట మేలు చేయదు. నొక్కుడుతో బాధపడు నరముపై అది మరియొక నొక్కుడగును. అంగడిలో అమ్ము రేకు కట్టులు కొన్ని మణికట్టును వెనుకకు వంచునట్లుండును. అట్టిదానిని వైద్యునికి చూపి తిన్నగా సరిచేయించుకొనవలెను. మోచేతి నరమైనచో రాత్రులు మోచేయి ముడుచుకొనకుండ మెత్తని తువాలు వదులుగా చుట్టుకొనుట కలదు.

ఈ కట్టువలన ఎంత గుణము నాశింపవచ్చును? 2018లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడిన ఇంగ్లండు పరిశోధనలో 234 మంది రోగులు చేరిరి. కొందరికి మణికట్టులో స్టీరాయిడు సూదిమందు ఇచ్చిరి. కొందరికి ఆరువారములు రాత్రి కట్టు వేయించిరి. ఆరువారములు గడచునప్పటికి సూదిమందు పొందినవారికే హెచ్చు గుణము కనబడెను. ఆరునెలలకు ఇరు తెగలకును చెప్పదగిన భేదము లేకపోయెను. కావున కట్టు మహౌషధము కాదు. తక్కువ ఖర్చుతో, తక్కువ హానితో చేయదగిన తొలి ప్రయత్నము. బొటనవ్రేలి మొదటనున్న కండ కరగి పల్లమైనను, పట్టిన వస్తువులు జారిపోవుచున్నను ఇక కట్టును నమ్ముకొని కూర్చుండరాదు. పట్టీని కోసి నరమునకు చోటు చేయు చిన్న శస్త్రచికిత్స యవసరమేమో వైద్యుని అడుగవలెను.

ఇక కట్టివేయరాని చేయి యొకటి కలదు. దెబ్బ తగిలి, గాయము మానిన తరువాతగూడ చేయి మండుచు, వాచి, చర్మము నున్నగా మెరయుచు, చీర చెరగు తగిలినను ఓర్వలేని నొప్పి నిలిచిపోవుట కొందరికి సంభవించును. అమెరికా అంతర్యుద్ధములో గుండు దెబ్బలు తిన్న సైనికుల యందు ఇట్టి మంటను వైర్ మిచెల్ అను వైద్యుడు తన సహచరులతో గూడి 1864లో గ్రంథస్థము చేసెను. ఇట్టి బాధలకు 1994లో కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అని పేరు పెట్టబడినది. ఇట్టి చేతిని కదలనీయక దాచుకొనవలెనని రోగికి తోచుట సహజము. కాని దాచినకొలది కీళ్లు బిగియును, కండ తగ్గును, నొప్పి ఇంకను హెచ్చును. దీనికి మందులతోపాటు ఓర్పుతో కొంచెము కొంచెముగా కదలించుటయే చికిత్స.

మన ప్రాంతమున మరియొక వ్యాధినిగూడ మరువరాదు. పొరుగున నున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పెను. కుష్ఠు ముఖ్యముగా చర్మమును నరములను పట్టు వ్యాధి. స్పర్శ తెలియని మచ్చయు, మోచేతివద్ద త్రాడువలె లావెక్కి తాకిన నొప్పిపుట్టు నరమును కనబడినచో సిగ్గుపడి ఇంట దాచవలదు. నరము వాచి నొప్పెట్టు దినములలో వైద్యులు చేతికి విశ్రాంతి కట్టు వేయుదురు. కాని నరమును కాపాడునది కట్టు కాదు, వెంటనే మొదలుపెట్టిన మందు. ఆరునెలలు గడచిపోయిన పిమ్మట పోయిన శక్తి తిరిగి వచ్చుట కష్టము. ఈ రోగమును నయముచేయు కూడిక మందులు 1982నుండి వాడుకలో నున్నవి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇత్తురు.

ఇంతవరకు వైద్యము. ఇకమీద చెప్పునది ఇంటిమాట. చాలమంది స్త్రీలు పగలెల్లను కట్టు కట్టుకొని తిరుగుటకు కారణము నొప్పి మాత్రమే కాదు. నరపు నొప్పి కంటికి కనబడదు. వాపు లేదు, నెత్తురు లేదు. పని తప్పించుకొనుటకు నటించుచున్నదని ఇంటివారు గొణుగుదురు. చేతికి తెల్లని కట్టు కనబడినచో మాత్రము బిందె మోయుమని ఎవరును అనరు. ఆ విధముగా కట్టు ఔషధము కాక సాక్ష్యపత్రమగును. నమ్మించుటకొరకు ఆమె పగలును రాత్రియు దానిని ధరించును. నెలలు గడచునప్పటికి మణికట్టు బిగిసి, పిడికిలి బలము తగ్గి, నిజముగనే పనికిరాని చేయి యగును. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, కూలి పోవునని భయపడి రాత్రి కట్టునుగూడ మానివేయుదురు. ఈ రెండు తప్పులకును విరుగుడు ఒక్కటే: నొప్పి యని ఆమె చెప్పిన మాటను కట్టు చూడకయే ఇంటివారు నమ్మవలెను. నమ్మినచో పగలు కట్టు విప్పుకొనుటకు ఆమెకు ధైర్యము కలుగును.

వైద్యుడు రాత్రి కట్టు చెప్పినయెడల ఈ నియమములు పాటింపుడు. కట్టు క్రింద ఒక వ్రేలు దూరునంత వదులుండవలెను. వ్రేళ్ల కొనలు నీలమైనను, చల్లబడినను, తిమ్మిరి హెచ్చినను వెంటనే విప్పవలెను. ఉదయము విప్పి వ్రేళ్లను, మణికట్టును మెల్లగా చాచి ముడువవలెను. పనిలో నుండగా నడుమ నడుమ చేట దింపి, చేతులు చాచి, భుజములు సడలింపవలెను. ఎన్ని రాత్రులు మెలకువ వచ్చినదో క్యాలెండరుమీద గుర్తు పెట్టుకొనవలెను. ఆరువారములలో ఆ గుర్తులు తగ్గినచో కట్టు పనిచేయుచున్నదని యర్థము. తగ్గనిచో దానిని ఇంకను బిగింపక, ఆ కాగితముతో మరల వైద్యునియొద్దకు పోవలెను.

కట్టు కట్టుటకు ఒక కారణము, విప్పుటకు ఒక గడువు ఉండవలెను. ఈ రెండును తెలియనిచో కట్టుకొనకుము సోదరీ, ముందు అడిగి తెలిసికొనుము. అత్తలైనవారును కోడలికి బట్ట వెదకి ఇచ్చుటకు ముందు, ఏ వ్రేళ్లు, ఏ వేళ అని రెండు మాటలు అడిగినచో, సగము వైద్యము ఇంటనే మొదలైనట్లగును.