ఉల్లి జీనోమ్‌లో ఉన్నది చెత్తేనా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డగా అమ్ముడయ్యే ఉల్లి జీనోమ్ మనిషి జీనోమ్ కంటే దాదాపు అయిదు రెట్లు పెద్దది. మనిషి డీఎన్ఏలో సుమారు 320 కోట్ల అక్షరాలుంటే, ఉల్లిలో దాదాపు 1,600 కోట్లు ఉంటాయి. అంతమాత్రాన ఉల్లికి అయిదు రెట్లు జన్యువులు లేవు. ఉన్నదల్లా పునరావృతమే. 2021లో వెలువడిన ఉల్లి జీనోమ్‌లో 70 శాతానికి పైగా మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే. వాటిలో ఎక్కువ భాగం తమను తాము నకలు చేసుకుని కొత్త చోట చేరే ‘గెంతే జన్యువులు’. మొక్కజొన్నలో వీటిని కనుగొన్న బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వరుసలపై రెండు అతివాదాలున్నాయి. ఇదంతా ‘చెత్త డీఎన్ఏ’ అన్నది ఒకటి. ప్రతి అక్షరానికీ ఏదో పని ఉందన్నది రెండోది. కెనడా శాస్త్రవేత్త టి. ర్యాన్ గ్రెగరీ రెండో వాదానికి ‘ఉల్లి పరీక్ష’ పెట్టారు. అంతా అవసరమే అయితే మనిషికి లేనంత డీఎన్ఏ ఉల్లికి ఎందుకు? ఉల్లి, వెల్లుల్లి చేరిన అల్లియం ప్రజాతిలోనే జీనోమ్ పరిమాణాల మధ్య నాలుగు రెట్లకు పైగా తేడా ఎందుకు?

అయితే ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన మొదటి వాదమూ పూర్తిగా నిజం కాదు. క్రోమోజోముల కొసలను కాపాడే టెలోమియర్లూ పునరావృత వరుసలే. చాలా మొక్కల్లో ఇవి ఏడు అక్షరాల ముక్కలు. ఉల్లిలో ఆ ముక్క కనిపించక పరిశోధకులు ఏళ్లపాటు తికమకపడ్డారు. అల్లియం జాతుల పునరావృత వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చాక, 2016లో 12 అక్షరాల ప్రత్యేక ముక్క బయటపడింది. చెత్త అని పక్కన పెట్టి ఉంటే అది దొరికేది కాదు.

ఈ పోలికతో రైతుకూ పని ఉంది. ఆకులను ఎండబెట్టే తెగుళ్లు ఉల్లి పంటను దెబ్బతీస్తాయి. కాడల కోసం పెంచే జపనీస్ బంచింగ్ ఉల్లికి కొన్ని తెగుళ్లను తట్టుకునే గుణం ఉంది. దాని జీనోమ్ సుమారు 1,200 కోట్ల అక్షరాలే అయినా, క్రోమోజోములు మాత్రం ఉల్లికి మల్లే ఎనిమిది జతలు. రెండింటినీ సంకరం చేస్తే పుట్టే మొక్కలు చాలావరకు గొడ్డుపోతాయి. అలాంటి మొక్కలో ఏ క్రోమోజోము ఏ తల్లిదండ్రులదో గుర్తుపట్టడానికి ఆనవాళ్లు జాతికో తీరుగా ఉండే ఈ పునరావృత వరుసలే.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం ఉంది. మొత్తం జీనోమ్‌ను కూర్చడం నిజంగానే ఖరీదైన పని. పునరావృతాలను పోల్చడానికి అంత అవసరం లేదు. వేల సార్లు వచ్చే వరుస, జీనోమ్‌లో కొద్ది భాగం చదివినా దొరుకుతుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా?

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి, కర్నూలు ఉల్లి వంటి స్థానిక రకాలను, వాటి బంధు జాతులను ఈ పద్ధతిలో పోల్చి చూడాలి. మహారాష్ట్రలోని రాజ్‌గురునగర్‌లో ఉల్లి, వెల్లుల్లి కోసమే జాతీయ పరిశోధన సంస్థ ఉంది. దానితో మన వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలు చేతులు కలిపితే ఇది అందని పని కాదు. చెత్తా కాదా అన్న వాదనను తేల్చేది నినాదాలు కాదు, ఇలాంటి పోలికలే.