గుర్రం శీతకాలపు రోమాన్ని విడిచే వేళ

శీతల దేశాలలో మార్చి నెల ప్రవేశించిందంటే గుర్రపుశాలల నేలమీద రోమం కుప్పలుగా పేరుకుంటుంది. మాలీసు చేసేవారి చేతులకూ దుస్తులకూ ముఖానికీ అది అంటుకొంటుంది. ఒక్క గుర్రాన్ని దువ్వితే బుట్టెడు బొచ్చు రాలుతుంది. పక్షులు వచ్చి ఆ రోమాన్ని ముక్కున కరచుకొని గూళ్ళకు మోసుకుపోతాయి. చూసేవారు “ఎండ వచ్చింది, అందుకే గుర్రం బొచ్చు రాలుస్తున్నది” అనుకొంటారు. అది సహజంగా తోచే మాటే. కాని అందులో సగం సత్యమే ఉంది. మిగిలిన సగాన్ని ఈ నెల పరిశీలిద్దాం. నోరులేని ఒక జీవి ఆరోగ్యాన్ని కంటితో చదివే విద్య కూడా అందులో ఇమిడి ఉంది గనుక, ఇది కేవలం వింత విషయంగా చదివి వదిలివేయదగినది కాదు.

ఎముకలు కొరికే చలిలో

రష్యాలోని ఈశాన్య సైబీరియాలో యాకూతియా అనే విశాల ప్రాంతం ఉంది. అక్కడ శీతకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలకు కూడా దిగజారుతుంది. ఆ నేలమీద సఖా ప్రజలు పెంచే గుర్రాలు ఏడాది పొడుగునా ఆరుబయటనే జీవిస్తాయి. మంచును గిట్టలతో తవ్వి, అడుగున ఎండిపోయిన గడ్డిని మేస్తాయి. వాటి శీతకాలపు రోమం దాదాపు 8 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఈ గుర్రాల జన్యువులను శోధించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం మరొక విశేషాన్ని వెల్లడించింది. ఇవి అక్కడి ప్రాచీన అశ్వాల సంతతి కావు. కొన్ని శతాబ్దాల క్రితం సఖా ప్రజల పూర్వికులు దక్షిణం నుండి వలస వస్తూ తోలుకొచ్చిన గుర్రాల వంశం. అంత స్వల్పకాలంలోనే వాటి దేహం ఆ ఘోరమైన చలికి ఒదిగిపోయింది.

ఆ రోమం పని చేసే తీరును గమనించండి. పైన పొడవైన, గరుకైన వెంట్రుకలు. వాటి అడుగున మెత్తని దట్టమైన బొచ్చు. ఈ రెండింటి నడుమ గాలి చిక్కుకొని నిలుస్తుంది. నిజానికి గుర్రాన్ని వెచ్చగా ఉంచేది వెంట్రుక కాదు, వెంట్రుకలు పట్టి ఉంచిన ఆ గాలి పొరే. ప్రతి వెంట్రుక కుదురు వద్ద ఒక సూక్ష్మమైన కండరం ఉంటుంది. చలి పెరిగినప్పుడు అది వెంట్రుకను నిక్కబొడిచేలా చేస్తుంది. దాంతో గాలి పొర మరింత మందమవుతుంది. మంచు కురిసే వేళ గుర్రం వీపుమీద మంచు కరగకుండా అలాగే నిలిచి ఉంటే జాలిపడనక్కరలేదు. లోపలి వేడి బయటికి పోవడం లేదని అది చెప్పే సాక్ష్యం. వాన తడికీ బురదకూ వెంట్రుకలు అణగిపోయినప్పుడు మాత్రం గాలి పొర నశిస్తుంది. అప్పుడు అంతగా చలి లేకపోయినా గుర్రం వణుకుతుంది.

చలి కాదు, వెలుతురు

ఇంతటి కవచాన్ని ఎప్పుడు విడవాలో గుర్రానికి ఎవరు చెబుతారు? ఎండ వేడి అని మనం భావిస్తాం. కాని అసలైన సూచన పగటి నిడివి నుండి వస్తుంది. గుర్రం కంటిలో పడిన వెలుతురు సమాచారం మెదడుకు చేరి, అక్కడి నుండి పీనియల్ అనే చిన్న గ్రంథికి అందుతుంది. చీకటి ఉన్నంతసేపూ ఆ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును స్రవిస్తుంది. రాత్రులు దీర్ఘమైతే అది ఎక్కువసేపు స్రవిస్తుంది, రాత్రులు కురచబారితే ఆ కాలం తగ్గుతుంది. ఆ తగ్గుదలను దేహం గుర్తించినప్పుడు పీయూష గ్రంథి నుండి ప్రొలాక్టిన్ అనే మరొక హార్మోను పెరుగుతుంది. దాని ప్రేరణతో కొత్త వెంట్రుకలు మొలవనారంభించి, పాతవి పట్టు వదులుతాయి.

ఇప్పుడు కాలెండరును చూడండి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 తేదీల తరువాత పగలు పెరగనారంభిస్తుంది. అసలైన గడ్డు చలి ఆ తరువాతనే వస్తుంది. అంటే మంచు ఇంకా ముమ్మరంగా కురుస్తుండగానే, గుర్రం దేహంలో వేసవి సన్నాహం మొదలైపోయిందన్నమాట. జనవరి చివర, ఫిబ్రవరిలో దువ్వెనకు నాలుగు వెంట్రుకలు అంటుకొంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కుప్పలుగా రాలుతాయి. చలి వదలని ప్రాంతాలలో ఇది మరికొంత ఆలస్యంగా ముగుస్తుంది. అదే విధంగా జూన్ 21 తరువాత పగలు తగ్గనారంభించగానే, ఎండలు మండుతున్న వేళనే, శీతకాలపు రోమానికి పునాది పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు కొత్త బొచ్చు కనిపిస్తుంది. ఆస్ట్రేలియా, అర్జెంటీనా దేశాలలో ఋతువులు తలక్రిందులు గనుక ఈ క్రమం కూడా తలక్రిందులే.

చలినే ప్రమాణంగా తీసుకొంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఫిబ్రవరిలో వారం రోజులు ఎండ కాస్తే గుర్రం కోటు విడిచేసేది. మరుసటి వారం మంచు తుఫానులో గడ్డకట్టుకుపోయేది. వాతావరణం మోసం చేస్తుంది. పగటి నిడివి మాత్రం ఏ ఏడూ మాట తప్పదు. వెచ్చదనం, మేత, వయసు ఈ క్రమాన్ని కొంత ముందుకూ వెనుకకూ జరుపుతాయి గాని, ఆజ్ఞ వెలుతురుదే.

మనిషి ఈ రహస్యాన్ని పసిగట్టి తన అవసరానికి వాడుకొన్నాడు. ఉత్తరార్ధగోళంలో పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజుగా లెక్కిస్తారు. గుర్రం సుమారు 11 నెలలు మోస్తుంది. అందుచేత ఏడాది మొదట్లోనే పిల్ల పుట్టాలని కోరే పెంపకందారులు డిసెంబరు ఆరంభం నుండి శాలలో దీపాలు వెలిగించి, రోజుకు సుమారు 16 గంటల వెలుతురు ఉండేలా చూస్తారు. ఆడగుర్రం వేళకు ముందే ఎదకు వస్తుంది. దానితోపాటే రోమం కూడా ముందుగా రాలుతుంది. అలా కోటు కోల్పోయిన జీవిని మిగిలిన చలి నుండి కాపాడే బాధ్యత దీపం వెలిగించినవారిదే.

మన ప్రాంతంలో ఈ దృశ్యం ఎందుకు కనిపించదని కొందరికి సందేహం కలగవచ్చు. యాకూత్స్క్ నగరంలో పగలు డిసెంబరులో సుమారు 5 గంటలు, జూన్‌లో 20 గంటలకు దగ్గర. హైదరాబాదులో ఈ తేడా కేవలం రెండు గంటలు. పైగా చలి స్వల్పం. కనుక ఇక్కడి గుర్రాల రోమం కురచగానే ఉండి, పెద్దగా ఎవరి దృష్టికీ రాకుండానే మారిపోతుంది.

ఎందుకు విడవాలి?

గుర్రం భారీ దేహి. దాని పేగులలో పీచుమేత పులిసేటప్పుడు నిరంతరం వేడి పుడుతుంది. పరుగెత్తితే కండరాల వేడి దానికి తోడవుతుంది. ఆ వేడిని వదిలించుకోవడానికి గుర్రానికి ఉన్న ప్రధాన సాధనం చెమట. దట్టమైన బొచ్చులో చెమట ఇంకిపోతుంది గాని ఆరదు. ఆరని చెమట దేహాన్ని చల్లబరచదు. చలికాలంలో ప్రాణం నిలిపిన అదే రోమం వేసవిలో ప్రాణం తీయగలదు. జూలునూ తోకనూ మాత్రం గుర్రం ఇలా ఋతువును బట్టి రాల్చదు. వేసవిలో ఈగలను, దోమలను తోలుకోవడానికి తోక కావాలి కదా! ఆ మాట తెలిసిన సఖా ప్రజలు గుర్రపు తోక వెంట్రుకలతోనే వింజామరలు చేసుకొని దోమలను తోలుకొంటారు.

రాలని రోమం చెప్పే మాట

అన్ని గుర్రాలూ నున్నగా మెరుస్తున్న మే, జూన్ నెలల్లో ఏదో ఒక ముసలి గుర్రం మాత్రం ఒళ్ళంతా ఉంగరాల బొచ్చుతో నిలబడి ఉండడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. “ముసలిదైపోయింది, అంతే” అని జనం నవ్వి ఊరుకొంటారు. ఇక్కడే నష్టం జరుగుతుంది. చాలా సందర్భాలలో అది ముసలితనం కాదు, పీయూష గ్రంథికి సోకిన వ్యాధి. సాధారణంగా 15 ఏళ్ళు దాటిన గుర్రాలలో కనిపించే ఈ రుగ్మతలో, ఆ గ్రంథిని అదుపులో ఉంచే డోపమైన్ తగ్గిపోయి, హార్మోనులు మితిమీరి వెలువడతాయి. రోమం రాలదు, కండ కరుగుతుంది, దాహం, మూత్రం పెరుగుతాయి, గాయాలు త్వరగా మానవు. అన్నిటికంటే భయంకరమైనది, గిట్టలోపలి పొరలు వాచి గుర్రం అడుగు తీసి అడుగు వేయలేని స్థితి. అది ముదిరితే ప్రాణం దక్కడం కష్టం.

ఈ వ్యాధి పూర్తిగా నయం కాదు గాని, పెర్గోలైడ్ అనే మందు ప్రతిరోజూ ఇస్తే చాలా గుర్రాలు సుఖంగా ఏళ్ళ తరబడి జీవిస్తాయి. రక్తపరీక్షతో దీనిని గుర్తించవచ్చు. ఈలోగా ఆ బొచ్చును కత్తిరించి ఎండ బాధ తగ్గించాలి. నులిపురుగులు, మేతలేమి వల్ల కూడా రోమం ఆలస్యంగా రాలవచ్చు. ఏది కారణమో పశువైద్యుడే తేల్చాలి.

గుర్రాన్ని పోషించేవారికి మా విన్నపం ఇదొక్కటే. రాలుతున్న రోమాన్ని బలవంతంగా గీకి తీయకండి. రోజూ మృదువుగా దువ్వండి. చలి మిగిలి ఉండగా నీళ్ళు పోసి కడగకండి. దువ్వేటప్పుడు చర్మంమీద పుండ్లు, పేలు, బోడి మచ్చలు ఉన్నాయేమో చేతితో తడిమి చూడండి. దట్టమైన బొచ్చు క్రింద ఎముకలు తేలుతున్నాయేమో కూడా ఆ చేతికే తెలుస్తుంది. వేసవి సగం గడిచినా కోటు విడవని గుర్రం కనబడితే నవ్వకండి, వైద్యుణ్ణి పిలవండి. తన బాధను నోటితో చెప్పుకోలేని ఆ జీవి ఒళ్ళంతటితో చెబుతూనే ఉంది.