ఉపగ్రహ చిత్రం ఉచితమే, సాక్ష్యం మన దగ్గరుందా?

పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల, దాచేపల్లి మండలాల్లో అక్రమ తవ్వకాలపై 2020లో సీబీఐ కేసు నమోదు చేసింది. ఇలాంటి చోట క్వారీ అంచు దళితుల అసైన్డ్ భూమిలోకి జరిగితే, ఎప్పుడు జరిగిందో రుజువు చేసే భారం మన మీదే పడుతుంది. చేతిలో ఉండేది డి-ఫారం పట్టా, ఊరివాళ్ల మాట. ఆ తేదీని ఉపగ్రహ చిత్రం చూపగలదు.

అమెరికా లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. కానీ దశాబ్దాల చిత్రాలు దించుకుని లెక్కకట్టడం మన కంప్యూటర్ల వల్ల కాదు. గూగుల్ ఎర్త్ ఇంజిన్ లాంటి క్లౌడ్ వేదిక ఆ పని తన సర్వర్ల మీద చేస్తుంది. వాణిజ్యేతర పరిశోధనకు రుసుము లేదు, వాడకానికి పరిమితులున్నాయి. నరసరావుపేట హాస్టల్లోని విద్యార్థి మామూలు ల్యాప్‌టాప్‌తో గురజాల క్వారీల పెరుగుదల చూడొచ్చు. ఇది చిన్న లాభం కాదు.

నష్టం రూపాయల్లో కనిపించదు. షరతులు కంపెనీవి; అవి మారితే మన పని ఆగుతుంది. రెండోది కొలత. లాండ్‌శాట్‌లో ఒక గడి 30 మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. ఎకరం పొలం నాలుగైదు గడులే. సెంటినెల్-2లో గడి 10 మీటర్లు, ఎకరానికి నలభై. అయితే అది 2015 నుంచే. క్వారీ గొయ్యి కనిపిస్తుంది, జరిపిన గట్టు కనిపించదు. తవ్వింది ఎవరో అసలే కనిపించదు.

అందుకే క్లౌడ్‌ను వాడుకుందాం, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. చిత్రాల తేదీలు, కోడ్, ఫలితాలు మన డిస్కులో దాచుకోవాలి. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. వాటితో పాటు అడంగల్, ఎఫ్‌ఎంబీ, ఆ పొలంలో కూలికి వెళ్లినవారి వాంగ్మూలం ఉండాలి.