ఆ తలుపు ఎందుకు తీశారు?



సెలవుల తర్వాత క్లాసులు మొదలైన వారం ఏ సెక్షన్‌లోకి వెళ్లినా పిల్లలు సినిమాల గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. మన సినిమాలతో పాటు ఈమధ్య పెద్ద క్లాసుల పిల్లల నోట హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమాల పేర్లు కూడా బాగా వినిపిస్తున్నాయి. ఎక్కడో వేరే గ్రహం మీద దిగడం, అక్కడ ఏదో జీవి తగలడం, ఒక్కొక్కరే చనిపోవడం. కథ దాదాపు ఇంతే. వాటి మీద పిల్లల తీర్పు కూడా దాదాపు ఒకటే. "వాళ్లంతా పెద్ద పెద్ద సైంటిస్టులట సార్, ఒక్కడికీ బుర్ర లేదు!"

ఉదాహరణలకు కొదవ లేదు. ముందుగా వచ్చే పేరు 2012 నాటి ‘ప్రొమీథియస్’. భూమికి ఎంతో దూరం వెళ్లిన శాస్త్రవేత్తలు, అక్కడి గాలి పీల్చుకోవచ్చని మీటర్ చూపించగానే హెల్మెట్లు తీసేస్తారు. గాలిలో ఆక్సిజన్ ఉండటం వేరు, రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు లేకపోవడం వేరు. ఇది హైస్కూల్ పిల్లలకు తెలిసిన సంగతే. దారంతా మ్యాప్ గీసే పరికరాలను గాల్లోకి వదిలిన భూగర్భ శాస్త్రవేత్తే దారి తప్పుతాడు. ఆయన పక్కనున్న జీవశాస్త్రవేత్తది మరీ చోద్యం. రెండు వేల ఏళ్ల నాటి శవాన్ని చూసి జడిసి వెనక్కి తిరిగిన మనిషి, పడగ విప్పిన పాములాంటి ప్రాణి కళ్లెదుట లేస్తే మాత్రం కుక్కపిల్లను పిలిచినట్టు ముద్దుగా పిలుస్తాడు. మన ఊళ్లలో పొలం గట్టు మీద నడిచే ఏ పిల్లవాడైనా అలాంటిది కనిపిస్తే ముందు నాలుగడుగులు వెనక్కి వేస్తాడు.

ఇక్కడ పిల్లలదే రైటు. ఆ సీన్లో ఆ ఇద్దరూ చావాలని రచయిత ముందే అనుకున్నారు, అందుకే వాళ్ల చదువు ఆ సీన్ వరకు మాయమైపోయింది. దీన్ని సమర్థించాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

అయితే ఇదే దర్శకుడు రిడ్లీ స్కాట్ 1979లో తీసిన ‘ఏలియన్’ను కూడా పిల్లలు అదే గాటన కట్టేస్తుంటే మాత్రం నేను ఒప్పుకోను. అందులో ఉన్నవాళ్లు వీరులూ కారు, అన్వేషకులూ కారు. ముడి ఖనిజం మోసుకొచ్చే సరుకు ఓడలో పనిచేసే ఏడుగురు ఉద్యోగులు. ఇంటికి తిరిగొస్తుండగా కంప్యూటర్ వాళ్లను మధ్యలో నిద్ర లేపుతుంది. ఎక్కడి నుంచో సిగ్నల్ వస్తోంది, వెళ్లి చూడాలి. "అది మా పని కాదు" అని ఇంజిన్ రూమ్ వాళ్లు గొణుగుతారు. అప్పుడు ఒప్పందంలోని షరతు ఒకటి బయటికొస్తుంది. అలాంటి సిగ్నల్ వచ్చినప్పుడు వెళ్లి చూడకపోతే రావాల్సిన వాటా మొత్తం పోతుంది. నెలల తరబడి చేసిన చాకిరీకి పైసా రాదు. మరి వెళ్లడం తెలివితక్కువ పనా? మనలో ఎంతమంది వెళ్లకుండా ఉండేవాళ్లం?

తర్వాత వచ్చేది తలుపు సీన్. బయటికి వెళ్లిన ముగ్గురిలో ఒకరైన కేన్ ముఖానికి ఏదో జీవి కరుచుకుని ఉంది. మిగతా ఇద్దరూ అతన్ని మోసుకొచ్చి ఓడ తలుపు దగ్గర నిలబడ్డారు. లోపల ఉన్నవాళ్లలో పై అధికారి రిప్లీ. క్వారంటైన్ నిబంధన ప్రకారం 24 గంటలు ఆగాలని, తలుపు తీయనని చెబుతుంది. అంతసేపు ఆగితే కేన్ చచ్చిపోతాడని బయటి నుంచి కెప్టెన్ డాలస్ అరుస్తాడు. రిప్లీ కాదంటుంది. ఈలోగా సైన్స్ ఆఫీసర్ యాష్ బటన్ నొక్కి తలుపు తీసేస్తాడు. ఆ జీవిని ఎలాగైనా తీసుకురావాలని, సిబ్బంది ఏమైపోయినా ఫరవాలేదని కంపెనీ అతనికి రహస్యంగా ఆదేశం ఇచ్చిందని మనకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ సీన్లో బుర్ర లేనివాడు ఎవరో నాకు చూపించండి. డాలస్‌ది స్నేహితుడి ప్రాణం గురించి తాపత్రయం. యాష్‌కు పైనుంచి వచ్చిన ఆర్డర్ ముఖ్యం. రిప్లీ చెప్పింది అక్షరాలా సరైన మాట, కానీ ఆ క్షణంలో ఆమే అందరికీ రాతిగుండె మనిషిలా కనిపిస్తుంది. మొదటిసారి చూసే ప్రేక్షకుల్లో కూడా చాలామంది మనసులో "తీసెయ్యమ్మా, పాపం" అనుకునే ఉంటారు. (పిల్లిని వెతకడానికి ఒక్కడే వెళ్లే బ్రెట్ గురించి మాత్రం నేను వాదించను. ఇంట్లో పిల్లిని పెంచేవాళ్లు అతన్ని క్షమిస్తారు.)

ఇది సినిమాల్లోనే జరుగుతుందని అనుకోకండి. ప్రతి ఎండాకాలం సెలవుల్లో పేపర్లో ఒక వార్త వస్తుంది. చెరువులోనో, క్వారీ గుంతలోనో ఈతకు దిగిన పిల్లలు ముగ్గురు నలుగురు మునిగిపోయారని. లోపలికి వెళ్లి చదివితే చాలాసార్లు వివరం ఒకటే. ముందు ఒకడు జారాడు, వాడిని కాపాడబోయి మిగతావాళ్లు దిగారు. ఆ రెండో పిల్లవాడూ మూడో పిల్లవాడూ తెలివితక్కువ వాళ్లు కాదు. మంచి స్నేహితులు. ఒడ్డున నిలబడి పెద్దగా కేకలు వేయడం, చున్నీయో తాడో పొడుగాటి కర్రో అందించడం, ఈత రాకుండా నీళ్లలోకి దిగకపోవడం అనే రూలు వాళ్లకు ఎవరో ఒకసారి చెప్పే ఉంటారు. కానీ స్నేహితుడు కళ్లముందు మునుగుతుంటే ఒడ్డునే నిలబడగలగడానికి రూలు తెలిస్తే సరిపోదు. అక్కడ నిలబడినవాణ్ని తర్వాత ఎవరూ "పిరికివాడు" అనరన్న నమ్మకం కూడా ఉండాలి. ఆ నమ్మకం పిల్లలకు మనం ఇస్తున్నామా?

మనకు సోఫాలో కూర్చుని తీర్పులు చెప్పడం సులువు. టికెట్ కొన్నప్పుడే అది హారర్ సినిమా అని మనకు తెలుసు. ప్రమాదం దగ్గరపడగానే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మారుతుంది. పాత్రలకు ఆ మ్యూజిక్ వినిపించదు. వాళ్ల లెక్కలో అది మామూలు డ్యూటీ రోజు. నిజంగా జరిగినదే చూడండి. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి నుంచి ఏవైనా క్రిములు తెచ్చి ఉంటారేమోనని నాసా 21 రోజుల క్వారంటైన్ పెట్టింది. అంత జాగ్రత్తపడి కూడా, క్యాప్సూల్ పసిఫిక్ సముద్రంలో తేలుతుండగానే తలుపు తెరిచి, లోపలికి ఐసోలేషన్ సూట్లు అందించి, ముగ్గురినీ రబ్బరు పడవలోకి దింపారు. తలుపు తెరిచిన క్షణంలో లోపలి గాలి బయటి గాలిలో కలవకుండా ఆపేదేమీ లేదు. అలల మీద ఊగే ఇరుకు డబ్బాలో ముగ్గురు మనుషులు ఉన్నారు, తీయక ఏం చేస్తారు! చంద్రుడి మీద క్రిములు లేవు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే ఆ సీన్ చూసి మన పిల్లలు ఏమనేవారో మీరే ఊహించుకోండి.

జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ‘ద థింగ్’ మొదట్లో ఇంకో చిత్రం ఉంది. అంటార్కిటికాలో అమెరికన్ల శిబిరం వైపు ఒక కుక్క పరుగెత్తుకుంటూ వస్తుంది. దాన్ని చంపాలని నార్వే వాళ్లు హెలికాప్టర్లో తరుముకొస్తారు. దిగిన మనిషి గొంతు చించుకుని అరుస్తాడు. అది కుక్క కాదు, దూరంగా ఉండండి అని. అరిచేది నార్వే భాషలో. శిబిరంలో ఒక్కరికీ ఆ భాష రాదు. తుపాకీతో ఊగిపోతున్న మనిషిని కాల్చేసి, తోకాడిస్తున్న కుక్కను లోపలికి తీసుకెళ్తారు. హెచ్చరిక అందింది, అర్థం కాలేదు, అంతే. ఆ తర్వాత అదే మనుషులు ఎంతో తెలివిగా ప్రవర్తిస్తారు. ఎవరు మనిషో ఎవరు కాదో తేల్చడానికి అందరి రక్తమూ తీసి, కాల్చిన తీగతో ఒక్కొక్కటే పరీక్షించే సీన్ ఉంది. తెలివైనవాళ్లు కూడా ఓడిపోవచ్చని అర్థమయ్యేకొద్దీ భయం పెరుగుతుంది. మంచి హారర్ సినిమాకు మూర్ఖులు అవసరం లేదనడానికి నాకు ఈ ఒక్క సినిమా చాలు.

ఇక చాలెంజర్ సంగతి. ఇది సినిమా కాదు. 1986 జనవరి 28న అమెరికాలో ఎన్నో స్కూళ్లలో పిల్లలు టీవీల ముందు కూర్చున్నారు. ఆ స్పేస్ షటిల్‌లో వెళ్తున్న ఏడుగురిలో క్రిస్టా మెకాలిఫ్ అనే టీచర్ ఉన్నారు. బయల్దేరిన 73 సెకన్లకు షటిల్ గాలిలోనే ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు. ముందు రోజు రాత్రే రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఫోన్ మీటింగ్‌లో చెప్పారు, చలికి అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయని, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉంటే ప్రయోగం వద్దని. ప్రయోగ సమయానికి అక్కడ ఉన్నది సుమారు 2 డిగ్రీలు. నాసా అధికారులకు ఆ మాట నచ్చలేదు. కంపెనీ మేనేజర్లు కాసేపు ఫోన్ పక్కనపెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజనీరింగ్ విభాగం పెద్దతో, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజర్ టోపీ పెట్టుకోమని పై అధికారి ఒకరు అన్నారు. నిర్ణయం మారిపోయింది. మామూలుగా అయితే "ఇది సురక్షితమని నిరూపించు" అని అడగాలి. ఆ రాత్రి ప్రశ్న తిరగబడింది. "ఇది ప్రమాదమని నువ్వే నిరూపించు" అన్నారు. ఇంజనీర్ల దగ్గర భయం ఉంది, అనుమానం ఉంది, పాత ప్రయోగాల ఫొటోలు ఉన్నాయి. పూర్తి రుజువు లేదు.

ఈ తిరగబడిన ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ పేరెంట్-టీచర్ మీటింగుల్లో వినిపిస్తుంది. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు అనే దగ్గర. "నాకు ఎంపీసీ వద్దు" అని పిల్లవాడు నెమ్మదిగా అంటాడు. "ఎందుకు వద్దో చెప్పు" అంటాం. వాడికి సరిగా చెప్పడం రాదు. పదిహేనేళ్ల పిల్లవాడి దగ్గర రుజువులు ఎక్కడుంటాయి? లోపల ఏదో బిగుసుకుపోతోందని మాత్రం తెలుసు. మనం అరగంట మాట్లాడతాం, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ చెబుతాం, ఫౌండేషన్ బ్యాచ్‌కు కట్టిన ఫీజు గుర్తుచేస్తాం. వాడు తలూపుతాడు. ఒప్పుకున్నాడని మనం అనుకుంటాం. ఈ మాట తల్లిదండ్రులకే కాదు, సెక్షన్లు మార్చేటప్పుడు, బ్యాచులు వేసేటప్పుడు మా స్టాఫ్‌కూ వర్తిస్తుంది. మార్కులు తగ్గాక "అప్పుడే చెప్పొచ్చు కదరా, ఆ మాత్రం తెలియదా?" అని అడిగేది కూడా మనమే. నిజానికి వాడు చెప్పాడు. నార్వే వాడు అరిచినట్టు, మనకు రాని భాషలో చెప్పాడు. తినకపోవడం, స్టడీ అవర్‌లో పడుకోవడం, సండే ఫోన్ చేసినప్పుడు "ఆ", "ఊ" అని పెట్టేయడం, ఇవన్నీ ఆ భాషే. అందులో బద్ధకం ఏదో భయం ఏదో తేల్చడానికి ఒక్క ఫోన్ కాల్ చాలదు. ఒకసారి క్యాంపస్‌కు వచ్చి, మార్కుల షీటు తీయకుండా వాడి పక్కన గంట కూర్చోవాలి.

సినిమాల విషయానికి వస్తే, ఇవన్నీ పెద్దవాళ్ల సినిమాలు. రక్తం, హింస గట్టిగానే ఉంటాయి. చిన్న క్లాసుల పిల్లలకు చూపించవద్దని ప్రత్యేకంగా మనవి. ఇంటర్ వయసు పిల్లలు ఎలాగూ ఫోన్లో చూస్తున్నారు కాబట్టి, ఒక ఆదివారం పక్కన కూర్చుని ‘ఏలియన్’ మీరూ చూడండి. రిప్లీ తలుపు తీయనన్న చోట సినిమా ఆపి, "నువ్వయితే ఏం చేసేవాడివి?" అని అడగండి. మా అనుభవంలో అందరూ వెంటనే "తీయను" అంటారు. అప్పుడు బయట ఉన్నది వాళ్ల బెస్ట్ ఫ్రెండ్ అని, పేరు పెట్టి మరీ చెప్పండి. కాసేపు ఏమీ మాట్లాడరు. మీరూ మాట్లాడకండి. వాళ్లంతట వాళ్లు ఏదో ఒకటి చెప్పేదాకా రిమోట్ పక్కన పెట్టేయండి.