సంతలో చెప్పవలసిన పాఠము

మన పాఠశాలలో ఆరవ తరగతి మొదలు నాలుగేండ్లుగా వెనుక బల్లపై కూర్చుండు బాలిక యొకతె కలదు. ఆమెకు మేధాశక్తియందు వైకల్యమున్నదని వైద్యులు ధ్రువపత్రము నిచ్చియున్నారు. హాజరు పట్టికలో ఆమె పేరు తప్పలేదు; ఏటేట పై తరగతికి పంపబడుచునే యున్నది. ఈ నాలుగేండ్లలో ఆమె మన వద్ద నేర్చినదేమి యని నన్ను నేను ప్రశ్నించుకొనినపుడు, మూడు పద్యముల మొదటి పాదములు తప్ప వేరేమియు తోచలేదు.

ఒకనాడు ఆమె తల్లి నన్ను తరగతి వాకిట నిలిపి, "అయ్యవారూ, పాప ఒక్కతే అంగడికి పోయి పాల ప్యాకెట్టు తెచ్చేటట్టు మీరు నేర్పియ్యలేరా? నా తరువాత దానికి అదన్నా రావల్ల కదా" అని యడిగెను. నేను తెలుగు పండితుడను. పాల ప్యాకెట్టు నా పాఠ్యప్రణాళికలో లేదు. ఆ మాటయే నా నోటివరకు వచ్చినది గాని, సిగ్గుపడి మ్రింగితిని.

ఇట్టి బిడ్డలకు కలుగు చిక్కు నేర్చుకొనుటలో జాప్యము మాత్రమే యనుకొందుము. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. ఒకచోట నేర్చినదానిని మరియొకచోట ప్రయోగించుట వారికి మిక్కిలి కష్టము. తరగతిలో అట్టముక్కలపై వ్రాసిన రూపాయలను చక్కగా లెక్కించిన బిడ్డ, అంగడిలో నిజమైన నోటు చేతికి వచ్చి, వెనుకనున్న గిరాకీ తొందరపెట్టుచుండగా నివ్వెరపోవును. మన మనస్సు తానై కలిపివేయు ఆ రెండు చోట్లను, ఆ బిడ్డకు ఎవరైనను అక్కడకు తోడుకొనిపోయి కలిపి చూపవలెను. అందుచేతనే ప్రత్యేక విద్యలో అనుభవజ్ఞులు అంగడి పాఠము అంగడిలోను, బస్సు పాఠము బస్సు నిలయములోను చెప్పవలెనని చిరకాలముగా బోధించుచున్నారు. 1984లో సికింద్రాబాదున ఇట్టివారికై నెలకొల్పబడిన జాతీయ సంస్థ సిద్ధపరచిన పరిశీలన పట్టికలో, చదువుతోపాటు స్వీయకార్యములు, సాంఘిక వర్తనము, వృత్తి, వినోదము కూడ చేర్చబడినవి. వినోదమును చేర్చుట నాకు మిక్కిలి నచ్చినది. అంగడికి పోయి సరకు తెచ్చుటే బ్రదుకంతయు కాదు గదా!

డబ్బు విషయమునే తీసికొందము. కూడికలు, తీసివేతలు పూర్తిగా వచ్చువరకు ఆగవలెనన్నచో కొందరు జన్మమంతయు ఆగవలసివచ్చును. దీనికొక ఉపాయమున్నది. బిడ్డ చేతికి పది రూపాయల నోట్లు మాత్రమే యిచ్చి, అంగడివాడు చెప్పిన ధరలోని పదులకంటె ఒక నోటు ఎక్కువ యిచ్చునట్లు నేర్పుదురు. ముప్పదినాలుగు అన్నచో నాలుగు నోట్లు. ఇరువదియారు అన్నచో మూడు. తీసివేత రాకున్నను కొనుగోలు జరిగిపోవును. మిగిలిన చిల్లరకై చేయి చాచి నిలుచుట మరియొక మెట్టు. దానిని తరువాత నేర్పవచ్చును.

అయితే మన హోసూరు ప్రాంతమున ఈ ఉపాయమునకొక మెలిక కలదు. ఇంటిలో తెలుగు, అంగడిలో తరచుగా తమిళము. ముప్పది వారి నోట ముప్పదు అగును. అది దగ్గరి మాటయే కనుక బాధ లేదు. తొంబది మాత్రము మోసపుచ్చినది. తమిళమున తొంబదిని తొణ్ణూరు అందురు. ఆ మాటలోని 'నూరు' చెవిని పడగానే మా బాలిక చేతిలోని పదునైదు నోట్లను బల్లపై పెట్టి నా వైపు చూచెను. తప్పు నాది. తరగతిలో తెలుగు అంకెలతో పాఠము ముగించితిని గాని, వీధి ఏ భాషలో వెల చెప్పునో విచారింపనైతిని. అంతకు ముందొకటి జరిగినది. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందినవాడను గనుక, పుస్తకములోని 'దుకాణము' అను మాటతో వారము దినములు శ్రమపడితిని. ఆ బిడ్డకు తెలిసినది 'అంగడి'. బస్సు నిలయమున చిక్కు ఇంకను ఎక్కువ. బాగలూరు, తళి బస్సుల పలకలపై తమిళ లిపి. బెంగళూరునుండి వచ్చు బస్సులలో కొన్నింటిపై కన్నడ లిపి. తాను ఎక్కవలసిన బస్సు పలకను ఫోటో తీసి బిడ్డ చేతికిచ్చి, రెండింటిని పోల్చి చూచుకొనునట్లు అలవాటు చేయవలెను.

ఈ చిక్కును చూచి కొందరు, వారిలో చదువుకొన్న పెద్దలు కూడ, తల్లిదండ్రులకు ఒక సలహా చెప్పుచున్నారు: "ఈ బిడ్డకు ఒక భాషయే భారము, ఇంట తెలుగు మానివేయుడు." ఈ సలహా సరికాదని నేను గట్టిగా చెప్పుదును. అవ్వకు, తల్లికి పొయ్యి దగ్గర వచ్చు భాష తెలుగే. దానిని మాన్పించినచో వారు తమిళము మాటలాడుటకు బదులు ఆ బిడ్డతో మాటలే తగ్గింతురు. డౌన్ సిండ్రోము గల బిడ్డలను గూర్చిన పరిశోధనలలో, రెండు భాషల నడుమ పెరిగినవారు ఒక్క భాషలో పెరిగిన అట్టి బిడ్డలకంటె వెనుకబడినట్లు కనబడలేదు. ఎట్లు చేయవలెనో, ఎందుకు చేయవలెనో మాతృభాషలో చెప్పుడు; వీధిలో వినబడు మాటను ఉన్నదున్నట్లుగా దానికి జోడింపుడు. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కొరకు 1956లో రాజ్యాంగమున 350ఎ అనుచ్ఛేదము చేర్చబడినది. అది తెలివిగల పిల్లలకు మాత్రమే యని అందులో వ్రాసియుండలేదు.

చట్టముల కొదువ లేదు. 1995 చట్టము ఏడు విధముల వైకల్యములను పేర్కొనగా, 2016 చట్టము ఇరువదియొకటింటిని గుర్తించినది. నిర్ణీత పరిమాణమున వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచిత విద్య హక్కని చెప్పినది. వారిని పిలుచు పేర్లు కూడ మర్యాదగా మారినవి. వెనుక బల్ల మాత్రము మారలేదు.

నా మాటను ఎవరును అపార్థము చేసికొనరాదు. అంగడి పాఠము పేరిట ఈ బిడ్డలకు అక్షరములు మాన్పించి, సున్నము తెమ్మని, నీళ్లు తెమ్మని పనులకు పంపు బడి ఏదైనను ఉన్నచో అది నేరమే చేయుచున్నది. తన పేరు వ్రాయగలుగుట, పలకపైని 'అపాయము' అను మాటను గుర్తించుట కూడ బ్రదుకు నేర్పులే. పదవ తరగతి పరీక్షకు కాలము చాలదను తోటి ఉపాధ్యాయులకు నేను చెప్పునదొకటే: ఆ కాలములో ఆ బాలికకు ఇప్పుడు ఏమి దొరకుచున్నదో ఒకసారి వెనుక బల్ల దగ్గర కూర్చుండి చూడుడు.

తల్లిదండ్రులు ఇంటిలో చేయదగినది కలదు. ప్రేమచేత బిడ్డకు అన్నియు మీరే చేయుచున్నారు. చొక్కా గుండీలను తీసికొనుడు. అన్నింటిని మీరు పెట్టి, చివరిది మాత్రము బిడ్డకు విడువుడు. అది వచ్చినపిదప చివరి రెండు, ఆపైని మూడు. పని ప్రతిదినము బిడ్డ చేతనే ముగియును; కావున ఉత్సాహము చెడదు. ఆలస్యమగును, నిజమే. పది నిమిషములు ముందుగా లేవవలెను.

విద్యార్థులారా, మీ తోడు కూడ కావలెను. అయితే ఆమె సంచిని మీరు మోయవలదు. ఆమెకు బదులు వెల అడుగవలదు. ప్రక్కన నిలుచుటయే మీ పని. అది తేలిక యని తలంపకుడు. నాకే చేయి ఊరకుండదు.

మూడు మాసములుగా ప్రతి శుక్రవారము కడపటి రెండు పీరియడ్లు ఆమెతో అదే దారిలో, అదే అంగడికి పోవుచున్నాము. మొదట ప్రక్కన నడచితిని, పిదప పది అడుగులు వెనుక, ఇప్పుడు వీధి మలుపు దగ్గర నిలుచుచున్నాను. చిరునామా, ఫోను సంఖ్య వ్రాసిన చీటి ఆమె జేబులో నుండును. గత వారము పాల ప్యాకెట్టు తెచ్చినది, చిల్లర మరచినది. అంగడివాడు మరునాడు ఇంటికి పంపెను. ఇక బస్సు నిలయము మొదలు పెట్టవలెను. మన బడిలో ఇట్టి బిడ్డలు మరి ముగ్గురున్నారు, నేనొక్కడను చాలను. శుక్రవారము సాయంకాలము రెండు గంటలు రాగల తల్లిదండ్రులు తమ పేర్లను నాకుగాని, ప్రధానోపాధ్యాయుల వారికిగాని తెలియజేయగోరుచున్నాను.