చర్మము క్రింద ఎక్కించే మందు: భయపడవలసినదేనా?



నెల తిరగక మునుపే బిడ్డకు మళ్లీ నెమ్ము, మళ్లీ చెవిలో చీము. ఊరిలో కొందరు దిష్టి అంటారు, కొందరు పుట్టుకలోనే బలము లేదంటారు. రెండవ మాటలో కొంత నిజమున్నది. కొందరు పిల్లల శరీరము క్రిములతో పోరాడే యాంటీబాడీలను పుట్టుకనుండియే తయారు చేయలేదు. ఇది ఎయిడ్స్ కాదు, ఒకరినుండి ఒకరికి అంటదు. ఈ సంగతి ఇరుగుపొరుగు వారికి గట్టిగా చెప్పండి.

అమెరికా సైనిక వైద్యుడు బ్రూటన్ గారు 1952లో ఇటువంటి ఎనిమిదేండ్ల బాలుని గూర్చి వ్రాశారు. వాని రక్తములో గామాగ్లోబ్యులిన్ లేదు. ఆయన దానిని నెలనెలా చర్మము క్రింద సూదితో ఇవ్వగా బాలుడు తేరుకున్నాడు. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన ప్రయోగము కాదు.

మన ఆసుపత్రులలో ఈ మందును ఎక్కువగా నరము ద్వారా ఎక్కిస్తారు. ఒకేసారి పెద్ద మోతాదు లోనికి పోవును గనుక కొందరికి చలి, జ్వరము, తలనొప్పి వస్తాయి. చర్మము క్రింద ఇచ్చినప్పుడు చిన్న మోతాదు, సాధారణముగా వారానికొకసారి, పొట్టమీదనో తొడమీదనో ఇస్తారు. అది మెల్లగా రక్తములో కలుస్తుంది. 1995లో ప్రచురించిన స్వీడన్ వైద్యుల పరిశీలనలో 165 మందికి 33 వేలకు పైగా సార్లు, అధిక భాగము ఇంటివద్దనే, ఇలా ఇచ్చారు. ప్రాణాపాయమైన ప్రతిచర్య ఒక్కటియు రాలేదు. సూది గుచ్చినచోట వాపు, ఎరుపు, దురద మాత్రము తరచుగా వస్తాయి. ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి, వారాలు గడిచేకొద్దీ అలవాటవుతుంది.

"పరుల రక్తము గదా, రోగాలు రావా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. వేలాదిమంది దాతల ప్లాస్మానుండి ఈ మందు తీస్తారు. 1994 ప్రాంతములో నరము ద్వారా ఇచ్చిన ఒక రకము మందువలన కొందరికి హెపటైటిస్ సి సోకిన మాట వాస్తవమే. అటుపిమ్మట వైరస్‌లను చంపే, వడకట్టే పద్ధతులు ఎంతో గట్టిపడ్డాయి. ప్రమాదము సున్న అని ఎవరూ అనరు గాని, బహు తక్కువ.

నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది మరొకటి. రక్తము గడ్డకట్టే ప్రమాదమును గూర్చి 2013లో అమెరికా ఔషధ శాఖ ఈ జాతి మందులన్నిటిమీద, చర్మము క్రింద ఇచ్చేవాటిమీద కూడా, హెచ్చరిక ముద్రింపజేసింది. అరుదే. అయినా ఒక కాలు వాచి నొప్పిపెట్టినా, రొమ్ములో నొప్పి, ఆయాసము వచ్చినా మరునాటివరకు ఆగవద్దు. మందు ఇచ్చేరోజున నీళ్లు బాగా త్రాగించండి. మొదటి కొన్ని మోతాదులు ఆసుపత్రిలోనే జరగాలి. ఇంట్లో ఇచ్చునప్పుడు సూది గుచ్చిన తరువాత గొట్టములో రక్తము కనబడితే ఆ సూది తీసివేసి, వేరొకటి వేరేచోట గుచ్చవలెను. మందు గడ్డకట్టిందా, పనికిరాదు. సీసాను కుదపరాదు.

ప్రార్థించిన తరువాత బిడ్డ బాగున్నాడు గనుక మందు మానవచ్చునా అని అడిగేవారున్నారు. మానవద్దు. ఎక్కించిన యాంటీబాడీలు మూడు నాలుగు వారాలలో సగమైపోతాయి. మానిన వెంటనే ఏమీ కాదు, బిడ్డ ఆడుకొంటూనే ఉంటాడు. నెమ్ము తరువాత వస్తుంది. ఒక వారము మందు తప్పిందా, ఆ దినమే డాక్టరుగారికి ఫోను చేసి ఏమి చేయాలో అడగండి.